రెండు చేతులు చాలని చప్పట్లు

అదిగో, మీరూ అదే అనుకున్నారు కదూ, స్పీకరు చెడిపోయిందని? చెడిపోలేదండీ. ఆ పాట అక్కడ అలాగే ఉంటుంది. డ్రమ్ము ఆగుతుంది, గిటారు ఆగుతుంది, పాడేవాడు కూడా ఊపిరి బిగబట్టి నిలబడతాడు. ఇక మిగిలేది చప్పట్లే. నాలుగు చుట్లు. వట్టి చప్పట్లు. ఆ తర్వాత మళ్ళీ పాట అందుకుంటుంది.

అమెరికాలో, మా మెంఫిస్‌లో, ఒకప్పుడు ఈ సంగతి ఎవరికీ చెప్పక్కర్లేదు. ఆ పాట ఎక్కడ మోగినా అంతే. చేపలు వేయించే అంగడిలో మోగితే అంగడాయన కత్తి కింద పెట్టేవాడు. మంగలి షాపులో మోగితే సగం గడ్డం సబ్బుతో ఉన్నవాడు కూడా గుడ్డ కింద నుంచి చేతులు బయటికి తీసేవాడు. నాలుగు చుట్లూ కొట్టాకే మళ్ళీ ఎవరి పని వాళ్ళది.

అలాంటిది, ఆ శనివారం పార్కులో, పెటిగ్రూ కుటుంబమంతా ఏడాదికోసారి కలిసే చోట, డెబ్బై మంది ఊదారంగు చొక్కాలు వేసుకుని పక్కటెముకల మాంసం చీకుతున్న చోట, ఆ పాట మోగింది. చప్పట్ల దగ్గరికి వచ్చింది. మిస్ ఒజెల్లా ప్లేటు పక్కన పెట్టి, చేతులు రెండూ పైకెత్తింది.

డిమెట్రిక్ పరిగెత్తుకెళ్ళి స్పీకరు నెత్తిన ఒక్కటిచ్చాడు.

"వైరు లూజయినట్టుందిరా! టపటపమంటోంది!" అని అరిచాడు. మళ్ళీ ఒక్కటిచ్చాడు. అయినా టపటప ఆగలేదు. "ఛ, పాత పాటలు పెడితే ఇంతే" అని ఫోను నొక్కి ఇంకేదో పాట పెట్టేశాడు.

ఒజెల్లా చేతులు ఎత్తినవి ఎత్తినట్టే ఉండిపోయాయి. కొయ్యబారిపోయిందంటే నమ్మండి. ఎందుకంటే ఆ టపటప ఆవిడదే. ఆ రికార్డులో చప్పట్లు కొట్టిన అయిదుగురు ఆడవాళ్ళలో ఒజెల్లా ఒకతె. ఆ స్పీకర్ని కొట్టినవాడు పరాయివాడా అంటే, సొంత తమ్ముడి కొడుకు. ముప్ఫై నాలుగేళ్ళవాడు. చిన్నప్పుడు వాడి ముక్కు తుడిచింది ఆవిడే.

"ఒరే డిమెట్రిక్, నువ్వు ఇప్పుడు కొట్టింది దేన్నో తెలుసా?" అంది.

"స్పీకర్ని, అత్తా."

"నన్నురా! నన్ను కొట్టావు!"

పక్కనున్న కుర్రాళ్ళు నవ్వారు. అత్తకి ఎండ తగిలిందని ఎవరో నిమ్మరసం తెచ్చి చేతిలో పెట్టారు.

ఒజెల్లా సంగతి కాస్త చెప్పాలి. వాళ్ళ నాన్న మిసిసిపీలో పత్తి చేలు వదిలేసి వచ్చి మెంఫిస్ దక్షిణాన ఒక చిన్న ఇల్లు అద్దెకు తీసుకున్నాడు. పద్దెనిమిదేళ్ళకే ఆవిడ ఆసుపత్రి దుప్పట్లు ఉతికే లాండ్రీలో ఆవిరి ఇస్త్రీ మీద నిలబడింది. అక్కడే ముప్ఫై ఎనిమిదేళ్ళు నిలబడింది. అరచేతులు అట్టల్లా గట్టిపడిపోయాయి. లాండ్రీలో చేరిన ఏడాదే, ఒక శనివారం, జడలు వేయించుకోవడానికి వీధిలో ఉన్న సవరాల షాపులో కూర్చుంది. ఆ షాపుకీ పక్కనున్న రికార్డింగు గదికీ మధ్య ఒకటే గోడ. పొద్దుటి నుంచీ లోపల అదే పాట, అదే చోట తెగిపోతోంది. చివరికి ఒకాయన చెమటలు కక్కుకుంటూ షాపులోకి తల పెట్టాడు.

"అమ్మాయిలూ, మీలో చప్పట్లు కొట్టగలిగేవాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

"ఆదివారం గుడికి రావా ఏంటయ్యా నువ్వు? అక్కడ చప్పట్లు కొట్టనిదెవరు?" అంది క్లోటీల్. క్లోటీల్ అంటే ఒజెల్లా పక్క కుర్చీలో కూర్చున్న పిల్ల. అప్పటిదాకా ముఖపరిచయం కూడా లేదు.

అలా అయిదుగురు లేచారు. తలనిండా సగం అల్లిన జడలు, మెడలో తువ్వాళ్ళు. గాజులు తీసి ఒక గ్లాసులో వేశారు. వాళ్ళని రికార్డింగు గదిలో కాదు, వెనక మెట్ల కింద నిలబెట్టారు, అక్కడ మోత బాగా వస్తుందని. క్లోటీల్, బెర్నీస్, లూలా ఒక వరస. ఒజెల్లా, డోరా ఎదురు వరస. వాళ్ళు కొట్టే చోట వీళ్ళు కొట్టరు, వీళ్ళు కొట్టే చోట వాళ్ళు కొట్టరు. రెండూ కలిస్తేనే ఆ చప్పుడు. జడ లాంటిది, ఒక్క పాయతో అల్లలేరు. మూడో చుట్టులో ఒజెల్లా రెండు చప్పట్లు గబగబా వేస్తుంది, తప-తప అని. పాట విన్నవాళ్ళందరూ మెచ్చుకున్నది ఆ రెండింటినే. "ఆ రెండూ కొట్టిందెవరమ్మా?" అని ఊరంతా అడిగింది. మొగుడు హోబర్ట్ కూడా ఆ రెండింటికే పడిపోయాడు. డాన్సు హాల్లో వాడి చప్పట్టు సరిగ్గా పడటం చూసి, మనిషి కూడా సరిగ్గానే ఉంటాడనుకుంది ఒజెల్లా. సగమే నిజమైంది.

కూలి? తలా ఒక చేప సాండ్విచ్చి, ఒక కూల్‌డ్రింకు. రికార్డు మీద పేర్లు లేవు. వాళ్ళూ అడగలేదు.

కానీ ఆ మెట్ల కింద నుంచి అయిదుగురూ ఒక్కటైపోయారు. బెర్నీస్ అందరికంటే ముందు పోయింది. గుడిలో శవపెట్టె మూత వేసేముందు మిగతా నలుగురూ లేచి ఎదురెదురుగా నిలబడి ఆ నాలుగు చుట్లూ కొట్టారు. పాట లేదు. పాస్టరుగారు లోకం పాటలు గుడిలో పెట్టనివ్వడు. "పాట లోకానిదే అయినా చప్పట్లు దేవుడివే, కొట్టుకోండి" అన్నాడు పాపం. అప్పటినుంచీ అది ఆనవాయితీ. లూలాకి కొట్టారు. డోరాకి కొట్టారు. డోరాకి కొట్టేసరికి వరసకి ఒక్కొక్కరే మిగిలారు. క్లోటీల్, ఒజెల్లా.

పార్కులో స్పీకరు దెబ్బలు తిన్న శనివారానికి రెండురోజుల ముందు, గురువారం పొద్దున, క్లోటీల్ పోయింది. వచ్చే శనివారం మట్టి చెయ్యాలి. డెట్రాయిట్ నుంచి, సెయింట్ లూయిస్ నుంచి జనం బయల్దేరిపోయారు కాబట్టి కుటుంబం కలయిక ఆపలేకపోయారు. ఒజెల్లా చక్కెరపాకం కేకు పట్టుకుని వచ్చింది. ఆ కేకు పెట్టిన గిన్నె కూడా క్లోటీల్‌దే. అడుగున అంటింపు కాగితం మీద పేరుంది. ఈస్టరుకి అడిగి తెచ్చుకుంది, తిరిగి ఇవ్వలేదు.

ఇప్పుడు అర్థమైందా ఆవిడ ఎందుకంత బిగుసుకుపోయిందో? వారంలోగా ఆవిడకి ఒక మనిషి కావాలి. క్లోటీల్ వరస కొట్టే మనిషి. ఒక్కతే నిలబడి కొడితే సగం చప్పుడే వస్తుంది. అరవై ఏళ్ళ స్నేహితురాలిని సగం చప్పుడుతో పంపిస్తుందా? డెబ్బై మంది ఉన్నారు కదా సొంత రక్తం, ఒక్కరు దొరకరా అనుకునే ఆ పాట పెట్టించింది.

నిమ్మరసం తాగేసి లేచింది. "పిల్లలంతా ఇటు రండి! పాతికేళ్ళవాళ్ళూ పిల్లలే, నక్కకండి. నేను లెక్కపెడతాను, మీరు కొట్టండి. ఒకటి, రెండు, మూడు, నాలుగు."

కొట్టారండీ. ఒకటి మీద కొట్టారు! మూడు మీద కొట్టారు!

మా నల్లవాళ్ళలో చప్పట్టు రెండు మీద పడాలి, నాలుగు మీద పడాలి. అది ఎవరూ నేర్పరు, పాలతోపాటు వస్తుంది. ఒకటి మీద కొట్టేవాడు తలుపు తట్టకుండా ఇంట్లోకి దూరినవాడితో సమానం. ఒజెల్లా గుండె మీద చెయ్యి వేసుకుంది. బల్ల దగ్గర కూర్చున్న ముసలి కజిన్ ఎర్సెల్ చేతిలోని ఎముక జారి ఒళ్ళో పడింది.

"యేసయ్యా! పెటిగ్రూల ఇంట్లో ఒకటీ మూడూనా?" అన్నాడు ఎర్సెల్. "మా అమ్మ చూస్తే సమాధిలోంచి లేచొచ్చి చెంప పగలగొట్టును."

"ఏ చెంప తాతా? ఒకటో చెంపా, రెండోదా?" అన్నాడు ఒక కుర్రాడు.

"గుడిలో ఏం చేస్తున్నార్రా మీరంతా?" అంది ఒజెల్లా.

"గుడిలో ఇప్పుడు చేతులెత్తి ఊగుతాం అత్తా. చప్పట్లన్నీ డ్రమ్ముల పెట్టెలో వస్తాయి" అన్నాడు డిమెట్రిక్. వాడికి అత్తని కొట్టిన పాపం కడుక్కోవాలని ఉంది. "అయినా నువ్వెందుకు కంగారు పడతావు? నా ఫోన్లో చప్పట్ల మీట ఉంది. ఎన్ని చుట్లు కావాలంటే అన్ని. శనివారం నేనొచ్చి నొక్కుతాను."

"శవం ముందా?"

"ఆఁ."

"ఫోనా?"

"చార్జింగు ఫుల్లుగా పెట్టుకొస్తా అత్తా."

ఒజెల్లా కేకు ముక్క కూడా తినకుండా వెళ్ళి కారులో కూర్చుంది.

మర్నాడు మధ్యాహ్నం ఆవిడ వంటింటి తలుపు తోసుకుని మనవరాలు నియా వచ్చింది. ఇరవై రెండేళ్ళ పిల్ల. తెల్లవారుజామున పార్సెళ్ళ గోదాములో పెట్టెలు దింపుతుంది. మాటలు తక్కువ, చెవుల్లో ఎప్పుడూ ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఉంటుంది. పార్కులో ఒకటి మీద కొట్టినవాళ్ళలో అదీ ఉంది.

"అమ్మమ్మా, నాకు నేర్పు. నాకు రాదు, తెలుసు. తిట్టకుండా నేర్పు."

"తిట్టకుండా నేర్పడం నాకు రాదే" అంది ఒజెల్లా. కానీ లోపలికి రమ్మంది.

రెండూ నాలుగూ ఎక్కడో గుర్తుపట్టడానికే ఆదివారం మిగతా పూటంతా పట్టింది. లాండ్రీలో ఇస్త్రీ మూత పడే చప్పుడు లాగా గుర్తుపెట్టుకోమంది, నడకలో కుడికాలు అనుకోమంది. పిల్ల చేతులు పెట్టెలు మోసి కందిపోయి ఉన్నాయి. చప్పట్టు మెత్తగా పడుతోంది. కేకు గిన్నె బోర్లించి దానిమీద కొట్టమంది ఒజెల్లా. సోమవారానికి రెండూ నాలుగూ కుదిరాయి. మంగళవారం అసలు వరస మొదలుపెట్టారు.

"ఇప్పుడు క్లోటీల్ వరస నేను కొడతాను, చూసి నేర్చుకో" అని ఒజెల్లా చేతులెత్తింది.

చేతులు కదల్లేదు.

మళ్ళీ ఎత్తింది. ఒక చుట్టు వెళ్ళింది. రెండో చుట్టులో చేతులు తమంతట తామే సొంత వరసలోకి జారిపోయాయి. ఇంకోసారి. మళ్ళీ అంతే. ఒజెల్లా కుర్చీలో కూలబడింది.

"ఏమైంది అమ్మమ్మా?"

"నాకు తెలీదే."

"ఏం తెలీదు?"

"అది ఏం కొట్టేదో నాకు తెలీదు. దాని ఎదురుగా నిలబడి ఇన్నేళ్ళు కొట్టాను. ఎప్పుడూ వినలేదు నేను. దాని మీద ఆనుకుని నా వరస కొట్టుకున్నాను, అంతే."

అనుకోగలరా? పిల్లలకి ఏమీ రాదని మూడురోజులు నోరు నొప్పెట్టేలా తిట్టిన మనిషి.

నియా చెవిలో పెట్టుకునేవి తీసి చూసింది, మళ్ళీ పెట్టుకుంది. "పాట ఫోన్లో ఉంది కదా. నేను వింటాను" అంది.

విన్నది. బస్సులో విన్నది, గోదాములో పెట్టెలు దింపుతూ విన్నది, కూర గిన్నె కడుగుతూ విన్నది. గురువారం సాయంత్రం పరిగెత్తుకుంటూ వచ్చింది.

"అమ్మమ్మా! మూడో చుట్టులో ఆవిడ వరస ఒకటి కొట్టలేదు!"

"కొట్టకపోవడమేంటే? క్లోటీల్ తప్పు కొట్టడమా? నోరు ముయ్యి."

"తప్పు కాదు. మింగేసింది. ముగ్గురూ కలిసే మింగేశారు. ఆ ఖాళీలోనే నీ తప-తప పడుతుంది. వాళ్ళు ఆపకపోతే నీవి రెండూ వినపడవు. ఇదిగో, విను." ఒక చెవిలోది తీసి అమ్మమ్మ చెవిలో పెట్టింది.

ఒజెల్లా వింది. మొదటిసారి తన చప్పట్లు వదిలేసి, వాళ్ళవి వింది. ఒకటి, ఒకటి, ఒకటి, తర్వాత ఏమీ లేదు. ఆ ఏమీ లేని చోట తన రెండూ.

ఊరంతా మెచ్చుకున్న రెండు చప్పట్లు. మొగుణ్ణి తెచ్చిపెట్టిన రెండు చప్పట్లు. వాటికి చోటిచ్చి పక్కకి జరిగింది క్లోటీల్. ఒక్కసారి కూడా చెప్పలేదు. పేకాటలో పావలా ముక్కకి పోట్లాడే మనిషి, ఈ మాట మాత్రం చచ్చేదాకా నోట్లోంచి రాలేదు.

"దొంగముండ" అంది ఒజెల్లా. కళ్ళు తుడుచుకుంది. "ఎంత దొంగముండో చూడు."

శనివారం గుడి నిండిపోయింది. విసనకర్రలు ఊగుతున్నాయి. తెల్ల గ్లవుజులు వేసుకున్న ఆడవాళ్ళు గుమ్మాల దగ్గర నిలబడ్డారు. పెట్టెలో క్లోటీల్ లావెండరు రంగు టోపీ పెట్టుకుని, ఎవరినో ఏదో అనబోతున్నట్టు పడుకుని ఉంది. ఆఖరి చూపులయ్యాయి. పాస్టరుగారు ఒజెల్లా వైపు తల ఊపాడు.

ఒజెల్లా లేచింది. ఎదురుగా, క్లోటీల్ నిలబడే చోట, నియా నిలబడింది. మధ్యలో పెట్టె. వెనక వరసలో డిమెట్రిక్ ఫోను జేబులో పెట్టుకున్నాడు. ఎందుకైనా మంచిదని తెచ్చినట్టున్నాడు, వెధవ.

మొదటి చుట్టు బాగా పడింది. రెండో చుట్టు ఇంకా బాగా పడింది. "అదీ!" అన్నాడు ఎర్సెల్. మూడో చుట్టు వచ్చింది. నియా కొట్టింది, కొట్టింది, కొట్టింది. మింగేసింది. నేర్చుకున్నది నేర్చుకున్నట్టు, చేతులు గాల్లో ఆపి, అమ్మమ్మకి చోటిచ్చింది.

ఒజెల్లా చేతులు పడలేదు.

ఇన్నేళ్ళు ఆలోచించకుండా కొట్టిన చేతులు. ఇప్పుడు ఆ ఖాళీ ఎవరిదో తెలిసిపోయింది. అందులోకి అడుగుపెట్టలేకపోయింది. అలా చూస్తూ నిలబడిపోయింది.

అంత్యక్రియలు చూసే కంపెనీ నుంచి వచ్చిన కొత్తాయన, నల్లకోటు మనిషి, అయిపోయిందనుకున్నాడు. పాపం ఆయనకేం తెలుసు. రెండడుగులు ముందుకేసి, వంగి, పెట్టె మూత మీద చెయ్యి వేసి దించడం మొదలుపెట్టాడు.

"ఆగవయ్యా!"

గుడి దద్దరిల్లింది. విసనకర్రలన్నీ ఆగిపోయాయి. ఆయన మూత మీద చెయ్యి కాలినట్టు వెనక్కి లాక్కున్నాడు. పాస్టరుగారి కళ్ళద్దాలు ముక్కు మీదకి జారాయి. ఒజెల్లా తనే బెదిరిపోయింది, ఆ గొంతు తనదేనా అని. శవం ముందు అంత గట్టిగా అరవడం ఆ గుడిలో ఎవరూ చూడలేదు.

"ఇంకా అవలేదు" అంది, ఈసారి మెల్లగా. "ఖాళీ అది. ఖాళీ కూడా దానిదే."

నియా చేతులు ఇంకా గాల్లోనే ఉన్నాయి. "అమ్మమ్మా, మొదట్నుంచి" అంది. "నువ్వు నన్ను చూడకు. కిందకి చూసి కొట్టు."

మొదట్నుంచి కొట్టారు. మొదటి చుట్టు, రెండో చుట్టు. మూడో చుట్టులో పిల్ల మింగేసింది. ఒజెల్లా లావెండరు టోపీ వైపు చూస్తూ వేసింది, తప-తప. నాలుగో చుట్టు చివర నియా కంగారులో ఒకటి ఎక్కువ కొట్టేసింది. ఎవరూ పట్టించుకోలేదు. ఎర్సెల్ మాత్రం "ఒకటి ఎక్కువ" అని గొణిగాడు. భార్య విసనకర్రతో మోకాలి మీద కొట్టింది. అప్పుడు మూత వేశారు.

తర్వాతి మంగళవారం ఒజెల్లా మళ్ళీ చక్కెరపాకం కేకు చేసింది. అరువు తెచ్చుకున్న గిన్నె ఖాళీగా తిరిగి ఇవ్వరు కదా. గిన్నె కారు వెనక సీట్లో పెట్టి, నియాని పక్కన కూర్చోబెట్టుకుని, క్లోటీల్ కూతురు రొవీనా ఇంటికి బయల్దేరింది. దారిలో పిల్ల ఒళ్ళో వేళ్ళతో ఏదో కొట్టుకుంటోంది. రెండు మీదా నాలుగు మీదా పడుతున్నాయో లేదో ఒజెల్లా ఓ చెవి వేసే ఉంచింది.

"అమ్మమ్మా" అంది నియా. "నాకు ఆవిడ వరస ఒక్కటే వచ్చు."

"అవును. చాల్లే. బాగానే కొట్టావు."

"అది కాదు. నీదాకా వస్తే? నేను ఇటు నిలబడి కొడతాను. అటు నిలబడి నీ వరస ఎవరు కొడతారు?"

ఎర్ర దీపం దగ్గర కారు ఆగింది. ఒజెల్లా స్టీరింగు పట్టుకుని అలాగే ఉండిపోయింది. బెర్నీస్‌కి లెక్క చూసుకుంది, లూలాకి చూసుకుంది, డోరాకి, క్లోటీల్‌కి చూసుకుంది. నలుగురి చావులకీ మనుషులు సరిపోయారో లేదో లెక్కపెట్టిన మనిషికి, తను కూడా పోతానని ఇంతవరకూ తట్టలేదు.

పచ్చ దీపం వెలిగింది. వెనక కారువాడు హారను కొట్టాడు. ఇంకోడు కొట్టాడు.

"డిమెట్రిక్ ఇవాళ ఇంట్లోనే ఉంటాడా?" అంది ఒజెల్లా.

"డిమెట్రిక్ బాబాయా? వాడా అమ్మమ్మా? వాడు ఒకటి మీద కొడతాడు!"

"నువ్వూ ఒకటి మీదే కొట్టావు. ఫోను చెయ్యి. చేతులు కడుక్కుని కూర్చోమను."

రొవీనా ఇంటికి కుడివైపు తిరగాలి. ఆవిడ ఎడమవైపు తిప్పింది. వెనక సీట్లో గిన్నె ఒక పక్కకి జారి తలుపుకి తగిలింది. కేకు ఆ రాత్రి డిమెట్రిక్ ఇంట్లో అయిపోయింది. గిన్నె మాత్రం, అడుగున పేరున్న కాగితం సగం ఊడి, ఇప్పటికీ ఆ సీట్లోనే ఉంది.